ముక్కు దూలం వంకరే సైనస్ వ్యాధికి కారణమా?

"మా ఇంట్లో అందరికీ సైనస్ ఉన్నదండీ" అని చెప్పేవారు నేడు వీధికి నలుగురు కనిపిస్తారు. నిజానికి సైనస్ లేని మనిషంటూ లేడు. ముక్కుకు ఇరుప్రక్కల చెంపలలో, కనుబొమల పైన, రెండు కన్నుల నడుమ, తల లోతట్టున ఉండే గాలి గదులకే సైనస్‌లని పేరు. వాటి లోపలి పొర వాచినప్పుడు వచ్చే జబ్బు పేరు సైనసైటిస్. మాటలో తేడా స్వల్పమే గాని, చికిత్స దారి తప్పడం చాలామంది విషయంలో ఇక్కడే ఆరంభమవుతున్నది. అవయవం పేరునే వ్యాధి పేరుగా వాడుకునేవారికి, ఆ అవయవం ఆకారంలో కాస్త వంకర కనిపించగానే అదే వ్యాధికి మూలమని తోచడం సహజం.

హుస్నాబాద్ వంటి పట్టణాలలో ఈ పరిస్థితి స్పష్టంగా చూడవచ్చును. ఏడాది పొడుగునా ముక్కు దిబ్బడతో, గొంతులోకి జారే కఫంతో బాధపడి, ఇక లాభం లేదని కరీంనగర్‌కో, వరంగల్‌కో, హైదరాబాద్‌కో వెళ్లి సి.టి. స్కాన్ తీయించుకొని వస్తారు. రిపోర్టులో "ముక్కు దూలం ఎడమకు వంగి ఉన్నది", "కాంకా బుల్లోసా కలదు", "హాలర్ గది కలదు" అన్న వాక్యాలు ఉంటాయి. వాటిని చదివి, లేదా ఎవరిచేతనో చదివించుకొని, ఇంటిల్లిపాదీ కలవరపడతారు. కొందరు ఎముక సరిచేయనిదే జబ్బు పోదని పంట డబ్బు ఆపరేషన్‌కు దాచుకుంటారు. మరికొందరు "పుట్టుకతో వచ్చిన వంకరకు మందులేమి చేస్తాయి" అని ఉన్న చికిత్సను కూడా మానివేస్తారు. ఈ రెండు తీర్పులకూ ఆ కాగితం ఆధారం కాజాలదని నా అభిప్రాయం. అందుకు కారణాలు వివరిస్తాను.

ముందుగా ఈ గదుల పనితీరు తెలియాలి. పెద్దవారిలో ఒక్కొక్క చెంప సైనస్‌లో సుమారు 15 మిల్లీలీటర్లు, అనగా మూడు చిన్న చెంచాల నీరు పట్టేంత చోటు ఉంటుంది. దాని ద్వారం గది అడుగున కాక, పైకప్పుకు దగ్గరగా ఉన్నది. మరి అడుగున ఊరిన కఫం పైకెక్కి బయటికెట్లా పోతుంది? లోపలి పొరపై కంటికి కనిపించని సన్నని నూగు కలదు. ఆ నూగు సెకనుకు పదిసార్లకు పైగా అలలా ఊగుతూ, కఫాన్ని పలుచని దుప్పటిలాగా గోడల వెంట పైకి లాగి ద్వారం దాటిస్తుంది. చెంప గది, నుదుటి గది, కన్నుల నడుమనున్న చిన్న గదులలో ముందువైపువి, ఈ మూడింటి ద్వారాలూ ముక్కు మధ్యమడత క్రింద ఉన్న ఒకే ఇరుకు సందులోకి తెరచుకుంటాయి. ఆ సందు పొర వాచి ఒకదానికొకటి అంటుకున్నదంటే మూడు గదులూ ఒకేసారి మూసుకుపోతాయి.

ఈ కదలికను జీవించి ఉన్న మనుషుల ముక్కులో దుర్బిణీతో ఓపికగా చూచి గ్రంథస్థం చేసినవాడు ఆస్ట్రియా దేశంలోని గ్రాజ్ నగర వైద్యుడు మెసర్‌క్లింగర్. ఆయన గ్రంథం 1978లో ఆంగ్లంలో వెలువడింది. అంతకుముందు చాలా దశాబ్దాలు చెంప గదికి ముక్కు అడుగు భాగంలో కొత్త రంధ్రం చేసి, కఫం దానంతట అదే క్రిందికి కారిపోతుందని శస్త్రవైద్యులు ఆశించేవారు. 1893లో అమెరికాలో కాల్డ్‌వెల్, 1897లో ఫ్రాన్స్‌లో లూక్ వర్ణించిన ఆపరేషన్‌లో కూడా ఈ రంధ్రం ఒక భాగం. అయితే కఫం ఎదురుగా ఉన్న ఆ పెద్ద రంధ్రాన్ని ప్రక్కకు నెట్టి, పైనున్న సహజ ద్వారం వైపే ప్రయాణిస్తుందని తేలింది. గోడ పగులగొట్టినంత మాత్రాన దేహం తన దారి మార్చుకోలేదు. 1985 ప్రాంతంలో అమెరికాలో కెన్నెడీ, ఆస్ట్రియాలో స్టాంబర్గర్ వ్యాప్తిలోకి తెచ్చిన నేటి ఎండోస్కోపీ శస్త్రచికిత్స ఈ గ్రహింపు నుండి పుట్టినదే. అందులో సహజ ద్వారాన్ని తెరవడమే ముఖ్యం.

మన ప్రాంతంవారికి చెరువు తూముతో పోల్చి చెబితే సులభంగా బోధపడుతుంది. తూము కాలువ నిట్టనిలువుగా ఉండాలన్న నియమం లేదు. కొంచెం వంకరగా ఉన్నా, ఒండ్రు పట్టనంతవరకు నీరు పారుతూనే ఉంటుంది. తిన్నని తూము కూడా తుంగతో, నాచుతో పూడితే నీరు వదలదు.

ఇక వంకరల సంగతి. అచ్చంగా తిన్నగా ఉన్న ముక్కు దూలం పెద్దవారిలో చూడడం అరుదు. ముక్కు లోపలి మధ్యమడతలో గాలి బుడగ వంటి ఖాళీ ఉంటే దానిని కాంకా బుల్లోసా అంటారు. కంటి గుంట అడుగున అదనంగా ఒక చిన్న గది ఉంటే అది హాలర్ గది. కొందరికి ఒక నుదుటి గది అసలే ఏర్పడదు. ముఖం ముఖానికీ ముక్కు తీరు ఎంత వేరో, లోపలి కట్టడం కూడా అంతే వేరు. 1991లో బోల్గర్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు 202 మంది స్కాన్లను పరిశీలించి ప్రకటించిన వ్యాసంలో, ఇటువంటి భేదాలు సగానికి మించినవారిలో కనిపించాయి. సైనస్ వ్యాధి ఉన్నవారిలోను, వేరే కారణంతో స్కాన్ తీయించుకున్నవారిలోను అవి దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. 2012లో ఐరోపా నిపుణులు కూడి వెలువరించిన మార్గదర్శక పత్రం కూడా, ఎముకల ఆకార భేదాలకు దీర్ఘకాలిక సైనసైటిస్‌కు కార్యకారణ సంబంధం ఉన్నదనడానికి తగిన ఆధారం లేదనే భావించింది.

ఆయుర్వేదం చదివినవారికి ఇది కొత్తగా తోచదు. పుట్టుకతో వచ్చిన తీరు ప్రకృతి, దానికి కలిగిన చెరుపు వికృతి. దూలం వంకర, గాలి బుడగ, అదనపు గది ఇవన్నీ ప్రకృతి భేదాలు. పొర వాపు, చిక్కబడిన కఫం, చీము వికృతి. మన గ్రంథాలు స్రోతోరోధమని చెప్పినది, అనగా దారి మూసుకొనడం, ఈ వాపుకే చక్కగా అన్వయిస్తుంది. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో ముక్కు రోగాలను 31గా లెక్కించి, పడిశానికి, అనగా ప్రతిశ్యాయానికి, ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. పడిశాన్ని నిర్లక్ష్యం చేస్తే అది దుష్ట ప్రతిశ్యాయంగా మారుతుందని హెచ్చరించాడు. దీర్ఘకాలిక సైనసైటిస్ లక్షణాలు చాలావరకు ఆ వర్ణనలో ఉన్నాయి.

అయితే ఆకారానికి ఏ పాత్రా లేదని చెబితే అది మరొక అతిశయం అవుతుంది. గాలి బుడగ బాగా ఉబ్బి ఆ ఇరుకు సందును ఒత్తుతున్నప్పుడు, దూలం మీది మొన ప్రక్కగోడకు గుచ్చుకొని ఉన్నప్పుడు, ఒకే వైపున మాటిమాటికి చీము పడుతున్నప్పుడు, వంకర జబ్బుకు తోడు కావచ్చును. దూలం మరీ వంగి ఒక ముక్కు రంధ్రం గుండా గాలి ఆడనివారికి, గాలి కోసమే దానిని సరిచేయించుకోవడం న్యాయం. అది సైనస్ కోసం చేసినది కాదని తెలిసి చేయించుకుంటే తరువాత నిరాశ ఉండదు.

మరి వ్యాధికి సంబంధం లేకుంటే రిపోర్టులో ఆ భేదాలన్నీ ఎందుకు వ్రాస్తారు? ముఖ్యంగా శస్త్రవైద్యుడి కోసం. కంటినరానికి ఆనుకొని ఓనోడీ గది అనేది కొందరికి ఉంటుంది. ముక్కు పైకప్పు ఎముక కొందరిలో లోతుగా దిగి ఉంటుంది. దాని మీదనే మెదడు. అటువంటి చోట పనిముట్టు నడిపేవాడికి ముందుగా పటం చేతిలో ఉండాలి. ఇల్లు కట్టే మేస్త్రీకి ఇచ్చిన నక్షాను ఇంటివారు దోషాల పట్టికగా చదువుకోవడం వంటిదే మన కలవరం.

స్కాన్ ఎప్పుడు తీశారన్నది కూడా చూడాలి. 1994లో గ్వాల్ట్నీ అనే వైద్యుడు, సాధారణ జలుబు చేసిన 31 మందికి స్కాన్ తీయగా, 27 మందికి చెంప గదులలో మార్పులు కనిపించాయి. యాంటీబయాటిక్ లేకుండానే రెండు వారాలలో చాలామందికి అవి తగ్గిపోయాయి. జలుబు ముదిరి ఉన్న రోజున తీసిన స్కాన్ చూచి దీర్ఘవ్యాధి అని తేల్చడం తొందరపాటు. బాధ 12 వారాలు మించి ఉండి, కొంతకాలం సరియైన మందు వాడిన పిమ్మట కూడా తగ్గకుంటే తీసే స్కాన్‌కే విలువ ఎక్కువ.

తలనొప్పి విషయంలో మరొక పొరపాటు జరుగుతున్నది. నుదురు, కనుబొమల నొప్పి రాగానే "సైనస్ తలనొప్పి" అంటాం. 2004లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశీలనలో, తమకు సైనస్ తలనొప్పి అని నమ్మిన లేక వైద్యులచేత అట్లు చెప్పించుకున్న 2,991 మందిలో 88 శాతం మందికి ఉన్నది మైగ్రేన్ తరహా నొప్పి, అనగా పార్శ్వపు నొప్పి జాతి. ముక్కు దిబ్బడ లేకుండా, పసుపుపచ్చని కఫం లేకుండా, వాసన తగ్గకుండా ఉత్త తలనొప్పి మాత్రమే ఉన్నవారు ముక్కు దూలాన్ని అనుమానించక ముందు ఈ సంగతి ఆలోచించాలి. ఎండకు, ఉపవాసానికి, నిద్ర చాలకపోవడానికి నొప్పి వస్తే అనుమానం మరింత బలపడుతుంది.

వాపు ఎందువల్ల వస్తున్నదని వెదకడమే వైద్యంలో మొదటి మెట్టు. నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని వదలడం, మన వైద్యంలో అన్నిటికన్న ముందు చెప్పబడినది. ఉత్తర తెలంగాణలో ఆ కారణాలకు కొదవ లేదు. కరీంనగర్ చుట్టుపట్ల గ్రానైట్ క్వారీల రాతిపొడి, పత్తి సీజనులో జిన్నింగ్ మిల్లుల దూది ధూళి, వరికోతలప్పుడు హార్వెస్టరు వెంట లేచే ఊక దుమ్ము, కొయ్యకాళ్లు తగులబెట్టిన పొగ ముక్కును రాపాడతాయి. ఖాళీ జాగాలన్నీ ఆక్రమించిన వయ్యారిభామ పుప్పొడి ఎందరికో పడదు. ఇంటి వద్ద బీడీలు చుట్టే స్త్రీలు రోజంతా పొగాకు పొడిలోనే కూర్చుంటారు. ఆ గదిలోనే పిల్లలు నిద్రపోతారు. వారికి దూలం సరిచేసి పంపితే, మరునాటి నుండి అదే పొడి అదే పొరమీద పడుతుంది. మాస్కు కట్టుకొనడం, పనిచోటును పడకగదికి దూరం చేయడం, పని ముగియగానే ముక్కు కడుగుకొనడం, వీటికి ఖర్చు లేదు. తుమ్ములు, ముక్కు దురద, ఉబ్బసం ఉన్నవారు అలర్జీకి చికిత్స తీసుకోనిదే సైనస్ తగ్గదు.

ఒకే వైపు దుర్వాసనతో కఫం కారేవారు ముందుగా దంతవైద్యుని చూడాలి. పై దవడ పళ్ల వేళ్లు చెంప గది అడుగుకు ఆనుకొని ఉంటాయి. పుచ్చిన పన్ను నుండి చీము లోనికి చేరుతుంది. పన్ను సంగతి చూడకుండా ముక్కులో ఎంత వైద్యం చేసినా ఫలం ఉండదు.

ఇంటి చికిత్సలలో నేను మొదటి స్థానం జలనేతికే ఇస్తాను. ఉప్పునీటితో ముక్కు కడుగుకొనడం వల్ల మేలు ఉన్నదని ఆధునిక వైద్యులు కూడా అంగీకరించారు. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, పావు లీటరుకైతే అర చిన్నచెంచాకు కొంచెం తక్కువ, చాలును. చిటికెడు వంటసోడా చేర్చితే మంట ఉండదు. నీరు మాత్రం మరగకాచి చల్లార్చినదే వాడవలెను. కుళాయి నీరు, బావి నీరు, చెరువు నీరు నేరుగా ముక్కులోకి పోయరాదు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కుళాయి నీటితో ముక్కు కడుగుకొన్న ఇద్దరు, నీటిలోని అమీబా మెదడుకు చేరి మరణించారు. చెంబును వేడినీటితో కడిగి ఆరబెట్టుకోవాలి.

ఆవిరి పట్టడం హాయినిస్తుంది. చిక్కని కఫం కొంత వదులవుతుంది. వావిలాకు వేసినా, పసుపు వేసినా, ఉత్త నీరైనా ముఖ్యంగా పనిచేసేది తేమ, వెచ్చదనం. పిప్పరమెంటు పువ్వు చేరిన మందులు ముక్కు తెరుచుకున్నట్లు చల్లని అనుభూతి కలిగిస్తాయి గాని, వాపును తగ్గించవు. మరిగే గిన్నె ముందు పిల్లలను దుప్పటి కప్పి కూర్చోబెట్టరాదు. గిన్నె ఒరిగి కాలిన గాయం, పడిశం కన్న పెద్ద ఆపద. రెండేండ్ల లోపు పిల్లలకు కర్పూరం కలిసిన లేపనాలు ముక్కు దగ్గర రాయనే రాదు. తలస్నానం తరువాత సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్లలో ముచ్చటైన ఆచారమే. కాని ముక్కు వాపు ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు ఆ గదిలో ఉండకపోవడం మంచిది. పొగ తగిలితే ఆ సన్నని నూగు చచ్చుబడుతుంది.

నస్యం గురించి కొంత వివరంగా చెప్పాలి. ఏటేటా మబ్బులు లేని దినాలలో తొలకరి, శరత్తు, వసంత కాలాలందు అణుతైలం వాడుకొమ్మని చరకుడు సూచించాడు. పొర ఎండి, పొక్కులు కట్టి బాధపడేవారికి వైద్యుని సలహాతో రెండేసి చుక్కల ప్రతిమర్శ నస్యం ఉపశమనమిస్తుంది. కొత్తగా పట్టిన పడిశంలో, భోజనం చేసిన వెంటనే, గర్భిణులకు నస్యం చేయరాదని గ్రంథాలే నిషేధించాయి. పడిశం పట్టిన మొదటి రోజే నూనె చుక్కలు వేసుకునేవారు ఈ నియమం మరచిపోతున్నారు. ఎక్కువ మోతాదుతో చేసే నస్యం ఏడేండ్ల లోపు పిల్లలకు వద్దని వాగ్భటుడు చెప్పాడు. ప్రతిమర్శకు వయోనియమం లేదన్నాడు గాని, చంటిబిడ్డకు నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు ముక్కులో నూనె పోసే అలవాటును నేను సమర్థించలేను. ఆ నూనె ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియా కలిగించిన సందర్భాలు వైద్యలోకానికి తెలిసినవే.

నస్యంతో వంగిన దూలం తిన్ననవుతుందని, తైలంతో ఎముక కరుగుతుందని ప్రకటించుకునే వైద్యులు కూడా ఉన్నారు. ఇది శాస్త్రంలో లేనిది. ముక్కులో పెరిగే కండను నాసార్శస్సుగా గుర్తించి, దానికి ఔషధంతోపాటు శస్త్రకర్మను కూడా చెప్పిన సంప్రదాయం మనది. అటువంటి సంప్రదాయం పేరు చెప్పి ఎముకను నూనెతో వంచుతామనడం ఆయుర్వేదానికే అపకీర్తి.

దుకాణంలో కొనుక్కునే దిబ్బడ వదిలించే చుక్కల విషయంలో అంతకన్న గట్టిగా హెచ్చరించాలి. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ అనే ఆ మందులు నిమిషాలలో ముక్కు తెరుస్తాయి. నాలుగైదు రోజులు మించి వాడితే, మందు ప్రభావం తగ్గగానే పొర మునుపటికన్న ఎక్కువగా వాచుతుంది. ఆ వాపుకు మళ్లీ చుక్కలే వేసుకుంటారు. సంవత్సరాల తరబడి దిండు క్రింద సీసా పెట్టుకొని పడుకునేవారి జబ్బుకు ఆ సీసాయే కారణమై ఉండవచ్చును.

వైద్యుడు స్టీరాయిడ్ స్ప్రే వ్రాసి ఇస్తే పేరు విని భయపడి పారవేయవద్దు. ముక్కు పొరమీదనే పనిచేసే ఆ మందు రక్తంలోకి చేరేది అతి స్వల్పం. దీర్ఘకాలిక సైనసైటిస్‌లో దానికి మంచి ఆధారమే ఉన్నది. జలనేతి చేసిన కొంతసేపటికి దానిని వాడుకుంటే మందు పొరకు చక్కగా తగులుతుంది. వారాల తరబడి క్రమం తప్పక వాడాలి. ఈ రోజు కొట్టి రేపు మానితే పనిచేయదు. ఈ రెండూ రెండు మూడు నెలలు శ్రద్ధగా చేసి, కారణాలను దూరం పెట్టి, అప్పటికీ తగ్గకుంటే ఆపరేషన్ గురించి ఆలోచించడం సబబు. ముక్కులో కండ పెరిగినవారికి, బూజు గడ్డ కట్టినవారికి ఆపరేషన్ తప్పకపోవచ్చును. వారు పథ్యాలతో కాలం గడపరాదు. సలహా కోసం వెళ్లినప్పుడు "నా దూలం ఎంత వంకర ఉన్నది?" అని అడిగేకంటె, "నా ద్వారం మూసుకున్నదా? మూసుకుంటే వాపు వల్లనా, ఎముక వల్లనా? ఆపరేషన్ తరువాత మందు ఎన్నాళ్లు వాడాలి?" అని అడగండి. మూడవ ప్రశ్నకు "అవసరమే లేదు" అని జవాబు వస్తే మరొక వైద్యుని అభిప్రాయం కూడా తీసుకోండి.

ఈ నెమ్మది వర్తించని సందర్భాలు కొన్ని ఉన్నాయి. కనురెప్పలు ఎర్రగా వాచడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, చూపు తగ్గడం, నుదుటిపై మెత్తని వాపు, తీవ్రజ్వరంతో మెడ బిగుసుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లాలి. షుగర్ వ్యాధి అదుపులో లేనివారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2021 మే నెలలో కోవిడ్ రెండవ తరంగంలో నల్ల బూజు వ్యాధి వ్యాపించినప్పుడు తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పక తెలియపరచవలసిన వ్యాధిగా ప్రకటించి, హైదరాబాద్ కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రిని దాని చికిత్సకు ముఖ్య కేంద్రంగా చేసింది. ఆ వ్యాధి కోవిడ్‌తో పుట్టలేదు, కోవిడ్‌తో పోనూ లేదు. షుగర్ ఉన్నవారికి ఒక చెంప తిమ్మిరెక్కి, ముక్కు నుండి నల్లని పొక్కు రాలినా, నెత్తురు కలిసిన నల్లని కఫం వచ్చినా, ఆవిరి పట్టుకుంటూ తెల్లవారేవరకు వేచి ఉండరాదు.